మన భాషకు చుట్టాలెవరు?

ఏటా ఆగస్టు 29 వస్తుంది. గిడుగు రామమూర్తి పటానికి దండ పడుతుంది. వేదిక మీద ఒక పెద్దమనిషి లేచి, సంస్కృతమాత గర్భాన పుట్టిన ముద్దుబిడ్డ మన తెలుగని గద్గదస్వరంతో చెబుతాడు. చప్పట్లు మోగుతాయి. ఈ చప్పట్లలో మన సంఘం సభ్యులవి కూడా ఉంటున్నాయి గనుకనే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

తెలుగు సంస్కృతజన్యం కాదని మద్రాసులో ఎల్లిస్ దొర అచ్చువేసింది 1816లో. క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఉపోద్ఘాతంగా ఆయన రాసిన మాటలవి. తర్వాత నలభై ఏళ్ళకు, 1856లో, కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం వెలువరించాడు. ఎల్లిస్ చెప్పి రెండు శతాబ్దాలు దాటిపోయింది. ఇన్నాళ్ళకు కూడా ఒక విషయం వేదికల మీదికి ఎక్కలేదంటే, అది తెలియకపోవడం వల్ల మాత్రం కాదు. దాన్ని తెలియనివ్వకుండా ఉంచడంలో ఎవరికో లాభం ఉంది. ఆ లాభమేమిటో చూడాలి.

సంస్కృతం తల్లి కాదు సరే, మరి చుట్టాలెవరు? ఈ ప్రశ్నకు జీవితమంతా పెట్టి జవాబు చెప్పినవాడు భద్రిరాజు కృష్ణమూర్తి. 1928లో ఒంగోలులో పుట్టి, 1949 నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఉపన్యాసకుడై, 1957లో పెన్సిల్వేనియాలో డాక్టరేటు పొంది, 1961–62లో మన తిరుపతి విశ్వవిద్యాలయంలోనే రీడరుగా ఉండి, 1962లో ఉస్మానియాకు పోయి అక్కడ భాషాశాస్త్రశాఖను నిర్మించాడు. 2012లో చనిపోయాడు. తిరుపతి వీధుల్లో ఆయన తిరిగిన ఆ ఏడాదిని గురించి ఇక్కడి తెలుగు ఎం.ఏ. విద్యార్థులను అడిగి చూడండి. తెలుగు ధాతువుల మీద ఆయన రాసిన పుస్తకం కాలిఫోర్నియాలో అచ్చయింది సరిగ్గా 1961లో. ఆ పేరు విన్నవాళ్ళు క్లాసుకు ఒకరో ఇద్దరో ఉంటారు. అష్టదిగ్గజాల పేర్లు మాత్రం అందరూ గుక్కతిప్పుకోకుండా చెబుతారు.

ఆయన చెప్పినదాని సారం ఇది. అంతకు మునుపు తెలుగును తమిళ కన్నడాల సరసన కూర్చోబెట్టే అలవాటుండేది. సాహిత్యమున్న భాషలు గదా, ఒక బంతిలో కూర్చుంటే అందంగా ఉంటుంది! కృష్ణమూర్తి ఆ బంతిని చెదరగొట్టాడు. తెలుగుకు తోడబుట్టినవి గోండి, కొండ, కుయి, కువి, పెంగొ, మండ అని నిరూపించాడు. అన్నీ అడవుల్లో, కొండల్లో బతికే జనం మాట్లాడే భాషలు. తమిళ కన్నడాలు పరాయివి కావు, కాని ఒక మెట్టు ఎడంగా ఉన్న దాయాదులు.

రుజువేమిటంటారా? చిత్తూరు సరిహద్దు పల్లెల్లో పుట్టినవాడికి దీన్ని చెప్పడం చాలా సులభం, తెలుగూ అరవమూ ఒకే అరుగు మీద వింటాడు గనుక. మనం 'రోలు' అంటాం, పక్కింటివారు 'ఉరల్' అంటారు. మనది 'లో', వారిది 'ఉళ్'. మనది 'వాడు', వారిది 'అవన్'. తమిళంలో మాట మొదటనున్న అచ్చు, తెలుగులో వెనక్కు జరిగి హల్లు ముందుకొచ్చింది. ఇప్పుడు 'రెండు' తీసుకోండి. తమిళం 'ఇరణ్డు', కన్నడం 'ఎరడు'. రెంటా అచ్చు ముందే ఉంది. తెలుగులో అది పోయి 'రెండు' అయింది. గోండులు ఏమంటారు? 'రండ్'. కొండదొరలు ఏమంటారు? 'రుండి'. ఒక్క మాట అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మాట తర్వాత మాటగా ఇదే జరుక్కుంటూ పోతే, ఆ మార్పు వచ్చిన కాలంలో ఈ జనాలన్నీ కలిసి బతికాయని అర్థం. రాజశాసనాలు పుట్టకమునుపే జరిగిన చరిత్ర ఇది. రాయిమీద చెక్కినవాడు లేడు, తాటాకుమీద గీసినవాడు లేడు. నోళ్ళలో నిలిచింది.

ఈ మార్పు ఒక్కరోజున అన్ని మాటలకూ ఒకేసారి తగలలేదనీ, ఒక్కొక్క మాటనే పట్టుకుంటూ, ఒక భాషలోనుంచి పక్క భాషలోకి పాకుతూ శతాబ్దాలపాటు సాగిందనీ కృష్ణమూర్తి 1978లో చూపించాడు. కొండ భాషల్లో అది ఇంకా పూర్తి కాలేదట! 1983లో మరో అడుగు వేశాడు. ఈ ఆరు కొండ భాషలకు ఎన్ని విధాల వంశవృక్షం గీయవచ్చు? 945 విధాల. ఆ 945లో ఏది నిజమో తేల్చడానికి, మారిన మాటలకు తోడు ఇంకా మారకుండా మిగిలిన మాటలనే సాక్ష్యంగా పెట్టి కంప్యూటరుచేత లెక్కవేయించాడు. తెలుగు పండితులు అప్పటికి ఇంకా ప్రబంధాల్లో కాలనిర్ణయాల కొట్లాటలోనే ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మన పండితులకు బండి ర మీద ఎంత ప్రేమో తెలిసిందే. శకటరేఫకూ లఘురేఫకూ ప్రాస కుదురుతుందా లేదా అని తరాల తరబడి తలలు పగలగొట్టుకున్నారు. తెలుగువాడి నోట ఆ తేడా ఏనాడో చచ్చిపోయింది. అక్షరం శవంలాగా మిగిలింది. ఆ ధ్వని బతికున్నది ఎక్కడనుకున్నారు? అరకు కొండల్లో. కొండ భాషలో అది మామూలు రకారానికి వేరుగా ఈనాటికీ పలుకుతారు. మన 'మూడు'ను వాళ్ళు 'మూన్ఱి' అంటారు. ఏ విద్వత్పరీక్షా ప్యాసుకాని పశువుల కాపరి, ఛందశ్శాస్త్రం మోసినవాడు పోగొట్టుకున్నదాన్ని నాలుక మీద భద్రంగా పెట్టుకొని ఉన్నాడు. ఈ మాట చెబితే పండితుడు నవ్వుతాడు. ఆ నవ్వు ఎందుకో మనకు తెలుసు.

అదే నేను చెప్పే లాభం. సంస్కృతం తల్లి అనుకుంటే తెలుగువాడికి బ్రాహ్మణ్యంతో చుట్టరికం కలుస్తుంది. గోండి చెల్లెలనుకుంటే ఎవరితో కలుస్తుంది? ఎవరి అడవి గుంజుకున్నామో, ఎవరిని వడ్డీవ్యాపారికీ కంట్రాక్టరుకూ అప్పగించామో, వాళ్ళతో కలుస్తుంది. చుట్టరికం ఒప్పుకున్నవాడు ఆస్తి లెక్క కూడా చెప్పవలసి వస్తుంది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా తెచ్చుకున్నాం. ప్రాచీనత లెక్కపెట్టేటప్పుడు మనం శాసనాలను తీశాం, కావ్యాలను తీశాం. తోబుట్టువులను మాత్రం గుమ్మం బయటే నిలబెట్టాం.

తులనాత్మక భాషాశాస్త్రంలో నాకు నచ్చే గుణం ఒకటుంది. దానికి కులం లేదు. మూలరూపం కట్టేటప్పుడు నన్నయ ప్రయోగానికి ఎంత విలువో, అక్షరం రాని అరకు ముసలమ్మ మాటకూ అంతే విలువ. ఒక్కొక్కచోట ముసలమ్మదే పైమాట. వేరే ఏ సాహిత్యశాస్త్రంలో ఈ న్యాయం ఉందో చెప్పండి! అలంకారశాస్త్రంలో ఉందా? ధీరోదాత్తుడికి గొల్లవాడు పనికిరాడని అది ముందే తేల్చేసింది.

కృష్ణమూర్తి చేసిన పనుల్లో శ్రామికవర్గ దృష్టికి అన్నిటికన్న దగ్గరగా ఉన్నది మాండలిక వృత్తిపదకోశం. మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. చేనేత మీద రెండోది 1971లో వచ్చింది. రైతునూ నేతగాడినీ అడిగి, పనిముట్టు పనిముట్టుకూ, పని పనికీ ఏ తావున ఏ మాట వాడతారో ఏరి పెట్టిన కోశాలివి. అంతవరకు మన నిఘంటువులు కావ్యాలనుంచి పుట్టాయి. పద్మానికి పర్యాయపదాలు డజన్ల కొద్దీ దొరుకుతాయి, మగ్గంలో ఒక కొయ్యముక్కకు పేరుండదు. ఈ కోశం ఆ తలకిందులు వ్యవహారాన్ని సరిచేసింది. ఆ పరిశీలన ఆధారంగానే తెలుగునాడును పూర్వ, మధ్య, ఉత్తర, దక్షిణ మండలాలుగా ఆయన విభజించాడు. మనం దక్షిణమండలం వాళ్ళం. మనకు నాగలి కాదు, మడక. మోట కాదు, కపిల. వేరుశనగ కాదు, చెనిక్కాయ. వరి పండేది కయ్యలో. రేడియోలోనూ సినిమాలోనూ మన మాటను ఫాక్షనిస్టుకో వంటవాడికో ఇచ్చి నవ్వులపాలు చేసినవాళ్ళకు, మడక కూడా నాగలి అంత తెలుగేనని శాస్త్రం చెప్పింది. మన విద్యార్థులు నేటికీ పరీక్ష కాగితంలో 'కయ్య' రాయడానికి భయపడుతున్నారంటే తప్పు కోశానిది కాదు, ఆ కాగితాలు దిద్దేవాళ్ళది.

ఆ అకాడమీ ఏమైంది? 1983లో రద్దయింది. రద్దు చేసింది తెలుగువాడి ఆత్మగౌరవం పేరు చెప్పి అధికారానికి వచ్చిన ప్రభుత్వమే.

ఇంతవరకు పండితుల సంగతి. ఇక మన మిత్రుల సంగతి. వీళ్ళతో నా తగాదా ఎక్కువ, ఎందుకంటే వీళ్ళ దగ్గర ఆశ ఎక్కువ.

మొన్న ఒక గోష్ఠిలో నేనీ మాటలే చెబితే ఒక యువమిత్రుడు లేచి, భాషాశాస్త్రం వలసవాదుల సరుకనీ, ఇక్కడికి అమెరికా డబ్బుతో వచ్చిందనీ, ధాతువులు లెక్కపెడితే పేదవాడి ఆకలి తీరదనీ అన్నాడు. మొదటి రెండు మాటల్లోనూ నిజముంది. 1950లలో పూనా దక్కన్ కాలేజీ ద్వారా మన దేశంలో భాషాశాస్త్ర శిక్షణకు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బు వచ్చింది. కాల్డ్వెల్ మిషనరీ. ఆఫ్రికా సంగతి మరీ బాహాటం. కాల్డ్వెల్ 'ద్రావిడ' అన్న ఆరేళ్ళకు, 1862లో, బ్లీక్ దక్షిణాఫ్రికా భాషల తులనాత్మక వ్యాకరణం వేసి 'బంటు' అన్న పేరును శాస్త్రంలో స్థిరపరిచాడు. కేప్‌టౌన్‌లో బ్రిటిష్ గవర్నరు గ్రంథాలయం ఆయన పని. తర్వాత వచ్చిన మైన్‌హోఫ్ 1912లో హామిటిక్ భాషల పుస్తకం రాశాడు. పశువుల మందలున్న, రంగు కొంచెం తేలికైన జాతులు పైనుంచి వచ్చిన పాలకజాతులనీ, వాళ్ళ భాషలు ఆఫ్రికా నల్లవారి భాషలకన్న మెట్టు పైవనీ తేల్చాడు. 1933లో నాజీపార్టీలో చేరాడు. ఇంతకన్న సాక్ష్యమేం కావాలి?

కావాలి. ఎందుకంటే మైన్‌హోఫ్ కట్టిన ఆ మేడను కూలగొట్టింది ఎవరు? ఉపన్యాసాలు కాదు. తులనాత్మక భాషాశాస్త్రమే. గ్రీన్‌బర్గ్ 1949 నుంచి వ్యాసపరంపరగానూ, 1963లో పుస్తకంగానూ, ఒక్కటే షరతు పెట్టాడు. భాషల్ని వర్గీకరించేటప్పుడు మాటనూ దాని అర్థాన్నీ మాత్రమే చూడాలి, ఒంటిరంగును చూడకూడదు, మందలో ఎన్ని ఆవులున్నాయో చూడకూడదు. ఆ షరతు పెట్టగానే మైన్‌హోఫ్ 'పాలకజాతి' అన్న ఫులానీల భాష పడమటి ఆఫ్రికా నల్లవారి భాషల నడుమనే వచ్చి కూర్చుంది. మధ్య, తూర్పు, దక్షిణాఫ్రికాలను నింపిన బంటు భాషలన్నీ నైజీరియా కామెరూన్ సరిహద్దులనుంచి బయలుదేరిన ఒక కొమ్మ అని తేలింది. కాంగో అడవుల భాషలకు చరిత్ర లేదన్న మాట అబద్ధమయింది. లెక్క సరిగ్గా వేస్తే ఫలితం పాలకుడికి వ్యతిరేకంగా రావచ్చు. అందుకని లెక్కే తప్పనడం ఏం తర్కం?

తులనాత్మకశాస్త్రం బూర్జువా శాస్త్రమని అన్నవాళ్ళు మనకు కొత్తకాదు. సోవియట్ దేశంలో మార్ ఆ మాటే అన్నాడు. భాష ఉపరితలనిర్మాణమన్నాడు, వర్గానికొక భాష అన్నాడు, భాషాకుటుంబాలే లేవన్నాడు. 1934లో చనిపోయిన తర్వాత కూడా ఆయన సిద్ధాంతం రాజ్యమేలింది. దాన్ని బాహాటంగా ఎదిరించిన పొలివానోవ్‌ను, మధ్య ఆసియా భాషల్ని వర్ణించిన మహానుభావుణ్ణి, 1938లో కాల్చి చంపారు. 1950లో స్టాలిన్ ప్రావ్దాలో స్వయంగా కలం పట్టి మార్‌ను ఖండించేదాకా అదీ పరిస్థితి. స్టాలిన్ చెప్పింది సబబే. కాని శాస్త్రంలో తప్పొప్పులు తేల్చడానికి దేశాధినేత సంతకం కావలసి రావడం ఏ అభ్యుదయానికీ గొప్ప కాదు. మన యువమిత్రుడు ఆ చరిత్ర చదవకుండానే మార్ దగ్గరికి నడిచిపోతున్నాడు.

అయితే ఒక ఆరోపణ మిగులుతుంది, దాన్ని నేను దాటవేయను. అరకు కొండల్లో మాటలు సేకరించి, కొండ భాషకు వ్యాకరణమూ కథలూ పదకోశమూ కృష్ణమూర్తి ఇంగ్లీషులో రాశాడు. 1969లో హైదరాబాదు గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ అచ్చువేసింది. ద్రావిడ భాషలన్నిటి మీదా పెద్ద గ్రంథం 2003లో కేంబ్రిడ్జి వేసింది. ఆ పుస్తకాలు అరకులో చదవగలిగిందెవరు? గనిలోనుంచి ముడిఖనిజం తీసుకుపోయినట్టు నోట్లోనుంచి మాట తీసుకుపోయారు. సరుకు పరదేశంలో తయారైంది. గని ఉన్న ఊరికి దక్కింది గుంత. కఠినంగా ఉన్నా ఈ పోలిక అబద్ధం కాదు. కాని దీన్ని ఒక మనిషి మెడకు చుట్టడం నాకు సమ్మతం కాదు. ఆయన చేయగలిగినది చేశాడు, ఎంతో బాగా చేశాడు. ఆ వ్యాకరణం ముందు పెట్టుకొని వాచకం రాయవలసినవాళ్ళెవరు? తెలుగు ఎం.ఏ.లు. బడి పెట్టవలసినదెవరు? ప్రభుత్వం.

ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 1971 నుంచి జనగణనలో పదివేలమందికి తక్కువ మాట్లాడే భాష పేరే అచ్చుకాదు. 2011 లెక్కల్లో గోండి మాట్లాడేవారు 29 లక్షల 84 వేలమంది. ఎనిమిదో షెడ్యూలులో గోండికి చోటు లేదు. అదే లెక్కల్లో సంస్కృతం మాతృభాష అని చెప్పినవారు 24,821. దానికి చోటుంది. సంస్కృతాన్ని తీసేయమని నేననను. 24 వేలకు తెరిచిన తలుపు 29 లక్షలకు ఎందుకు మూసి ఉందో చెప్పమంటాను. 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి, కొండ, కువి వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపితోనే, చిన్నపిల్లలకు చదువు మొదలుపెట్టారు. మంచిపనే. ఆ తర్వాత అది ఒక పథకంగా మిగిలింది, పట్టుదలగా మారలేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తూ 81వ నెంబరు జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ నెలల్లో ఎంత రగడ జరిగింది! తెలుగా, ఇంగ్లీషా? పత్రికల నిండా ఇదే. కొండబిడ్డకు ఈ రెండూ పరాయివేనని, వాడికి మూడో భాష ఒకటి ఇంట్లో ఉందని అన్న గొంతులు ఆ రగడలో వినపడలేదు. మాతృభాషలో చదువు కావాలని గొంతు చించుకున్న మేము కూడా, మాతృభాష అంటే తెలుగే అనుకున్నాం.

తూర్పు కొండల సంగతి మనకెందుకులే అనుకొనేవారికి ఇక్కడి సంగతి చెబుతాను. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ఎరుకలవాళ్ళున్నారు. వాళ్ళకు ఇంట్లో ఒక భాష ఉంది. తమిళానికి దగ్గర, తమిళం మాత్రం కాదు. జనగణన దాన్ని తమిళం పద్దు కింద జమవేస్తుంది. నా క్లాసులో ఒక విద్యార్థి ఉండేవాడు. మాతృభాష అన్నచోట తెలుగని రాశాడు. ఒకనాడు వాళ్ళమ్మ చూడటానికి వచ్చినప్పుడు వాళ్ళిద్దరూ చెట్టుకింద మాట్లాడుకోవడం విన్నాను. తర్వాత అడిగాను.

"అది ఏ భాష నాయనా?"

"అది భాషేం కాద్సార్. ఇంట్లో ఏదో మాట్లాడుకుంటాం, అంతే."

"మరి వ్యాకరణం లేకుండానే మీ అమ్మ నిన్ను అంతసేపు తిట్టిందా?"

నవ్వాడు గాని, చుట్టుపక్కల చూసి గొంతు తగ్గించి, "ఎవురికీ చెప్పొద్దు సార్" అన్నాడు.

ఆ భయం వాడిది కాదు, వాడి తాతలది. 1871లో నేరస్థజాతుల చట్టం వచ్చింది, 1911లో మద్రాసు రాజధానికి దాన్ని తెచ్చారు. పుట్టుకతోనే ఎరుకలవాణ్ణి దొంగని చేసి పోలీసు పట్టీలో ఎక్కించారు. 1952లో చట్టం పోయింది. జాతికే దొంగముద్ర వేశాక భాషకు పరువెక్కడిది? నలుగురిలో ఆ మాట పలకడమంటే పట్టుబడటం. ఇదే తిరుపతిలో 1961లో పుట్టిన సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. ద్రావిడభాషల అధ్యయనం కోసమే 1997లో కుప్పంలో ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న దానికి, చుట్టూ పల్లెల్లో పుట్టిన ఇలాంటి పిల్లలే మొదటి గురువులు కావాలి.

చివరగా మన ఇంటి లెక్క. 1967–70 శ్రీకాకుళ పోరాటం మీద మనవాళ్ళు రాసిన కవితలకూ కథలకూ కొదవలేదు. అందులో సవరవాడు పోరాడతాడు, చస్తాడు, పాడతాడు కూడా. కాని తన భాషలో మాట్లాడడు. రచయిత నేర్పిన తెలుగే మాట్లాడతాడు. ఆ పోరాటంకన్న అర్ధశతాబ్దానికి మునుపే, పర్లాకిమిడిలో ఒక బడిపంతులు సవరవాణ్ణి ఇంట్లో పెట్టుకొని వాడి భాష నేర్చుకున్నాడు, సొంతడబ్బుతో వాళ్ళ పిల్లలకు బడులు నడిపాడు, 1931లో సవర వ్యాకరణమూ ఆ దశాబ్దంలోనే నిఘంటువులూ వెలువరించాడు. అతడే, మనం ఆగస్టు 29న దండవేసే గిడుగు రామమూర్తి. రాయని భాషకు కూడా నియమాలుంటాయని సవరలో చూసినవాడికి, జనం మాట్లాడే తెలుగు వ్యాకరణహీనమంటే ఎలా నమ్మబుద్ధవుతుంది? మనం ఈ వ్యాసాలు రాసుకొనే వాడుకభాషకు సవరల బాకీ ఎంతుందో ఏ సభలోనూ ఎవరూ లెక్క చెప్పరు.

కాబట్టి మన జిల్లా సంఘం వచ్చే సమావేశానికి నేనొక తీర్మానం పంపుతున్నాను. మన కళాశాలల తెలుగు ఎం.ఏ.లో గోండి, కొండ, కువి భాషల పరిచయం ఒక పేపరుగా ఉండాలని పాఠ్యప్రణాళికా సంఘాలమీద ఒత్తిడి తేవాలి. ప్రతి విద్యార్థీ లఘుసిద్ధాంతానికి బదులుగా ఒక వృత్తివారి మాటలో, ఒక ఎరుకల కుటుంబం కథలో స్వయంగా సేకరించి ఇచ్చే వీలుండాలి. చెప్పినవారి పేరు, వాళ్ళు ఒప్పుకుంటే, రాసినవారి పేరు పక్కనే ఉండాలి. ఎరుకల భాషలో ఒక చిన్న వాచకం, తెలుగు లిపిలో, ఆ భాష మాట్లాడేవాళ్ళే రాసినది, మన సంఘం ఖర్చుతో అచ్చుకావాలి. నూరు పేజీలకు మించదు. ఒక వార్షికసభ పందిరి ఖర్చులో సగం చాలు. దీన్ని వ్యతిరేకించేవారు ఈ పత్రికలోనే రాయవలసిందిగా కోరుతున్నాను. సంస్కృతం తల్లి అన్న వాదన మాత్రం మళ్ళీ తేవద్దు, దానికి ఎల్లిస్ జవాబు చెప్పి చాలాకాలమయింది.